గోదావరి జిల్లాల్లో గది అద్దెలు: ఊరి పేరు చూసి లెక్క వేయకండి

అడిగిన విషయం ఇది: తమ్ముడికి భీమవరం దగ్గర రొయ్యల మేత కంపెనీలో ఉద్యోగం వచ్చింది, చెల్లెలికి కాకినాడ జేఎన్‌టీయూలో ఎంటెక్ సీటు వచ్చింది. ఇద్దరికీ వేరు వేరుగా గదులు కావాలి. అద్దె, కరెంటు, నీళ్ళు కలిపి తలకి ఐదు వేలు దాటకూడదు. పాలకొల్లులో చవక, కాకినాడలో ఇంద్రపాలెం వైపు చవక అని తెలిసినవాళ్ళు చెబుతున్నారు. భీమవరం లాంటి ఊళ్ళో గది అద్దె కాకినాడతో సమానంగా అడుగుతున్నారేమిటి? ఎప్పుడు వెతకాలి? ఏమేం చూసుకోవాలి?

మన వైపు గది అద్దె ఊరి సైజును బట్టి నడవదండీ. 2011 జనాభా లెక్కల్లో కాకినాడ, రాజమండ్రి మూడేసి లక్షలు దాటిన ఊళ్ళు. భీమవరం అందులో సగానికి కూడా రాదు. అయినా ఒంటరి మనిషికి సరిపడే గది విషయంలో ఆ తేడా కనపడదు. ఎందుకంటే ఇక్కడ అద్దెను తేల్చేవి మూడు: ఆ వీధిలో మంచినీళ్ళు ఎలా వస్తాయి, ఆ ఇల్లు ఎంత ఎత్తు మీద ఉంది, ఏ నెలలో ఎవరు గదుల కోసం దిగుతారు. నాలుగోది కూడా ఉంది కానీ దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అసలు ఆ ఊళ్ళో ఒంటరి గదులు ఎన్ని కట్టారు అన్నది. డెల్టా ఊళ్ళలో ఇళ్ళు కట్టేది కుటుంబాల కోసం. రెండు పడగ్గదుల పోర్షన్లు దొరికినంత తేలిగ్గా ఒక గది, ఒక బాత్రూమ్ దొరకవు. అందుకే చదరపు అడుగుకి లెక్కేస్తే చిన్న గదికే ఎక్కువ కడుతున్నట్టు తేలుతుంది.

ముందు ఊళ్ళ సంగతి. భీమవరంలో మూడు రకాల జనం ఒకే గదుల కోసం పోటీపడతారు. చినఅమిరం ఇంజనీరింగ్ కాలేజీ, ఊళ్ళోని మిగతా కాలేజీల పిల్లలు ఒకరు. ఆక్వా మీద బతికేవాళ్ళు రెండోవాళ్ళు: మేత కంపెనీల టెక్నీషియన్లు, ల్యాబుల వాళ్ళు, ప్రాసెసింగ్ ప్లాంట్లకి ఒడిశా, బెంగాల్, ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన కూలీలు. మూడోవాళ్ళు 2022 ఏప్రిల్ 4 తర్వాత వచ్చారు. ఆ రోజున జిల్లాల విభజన అమల్లోకి వచ్చి భీమవరం పశ్చిమ గోదావరికి కేంద్రమయ్యింది. కలెక్టరేటు, ఎస్పీ ఆఫీసు, వాటి వెనకాల శాఖలన్నీ దిగాయి. బదిలీల మీద వచ్చిన ఉద్యోగుల్లో చాలామంది కుటుంబాన్ని ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో ఉంచి, సోమవారం వచ్చి శుక్రవారం వెళ్ళిపోయే రకం. వాళ్ళకి కావలసింది ఒక్క గదే. గదుల సంఖ్య అంత వేగంగా పెరగలేదు. మీరడిగిన ప్రశ్నకి సూటి జవాబు ఇదే.

అమలాపురానికి కూడా అదే రోజున జిల్లా కేంద్రం హోదా వచ్చింది, కానీ అక్కడ కథ వేరు. రైలు లేదు. కోటిపల్లి–నర్సాపురం లైను పూర్తయ్యేదాకా అమలాపురం ఉద్యోగి రాజమండ్రి నుంచో కాకినాడ నుంచో రోజూ బస్సులో రెండు గంటలకు అటూఇటూగా కూర్చోవాలి. అందుకని ఉద్యోగం అమలాపురంలో ఉంటే గది కూడా అమలాపురంలోనే తీసుకోక తప్పదు. గల్ఫ్ డబ్బుతో కట్టిన పెద్ద పెద్ద మేడలు కోనసీమ ఊళ్ళలో తాళాలు వేసి కనపడతాయి, అవి చూసి గదులు బోలెడు ఉన్నాయనుకోకండి. సొంతదారులు కువైట్‌లో ఉంటారు, తాళంచెవి పక్కింటి చుట్టాల దగ్గర ఉంటుంది, బ్యాచిలర్లకి ఇవ్వరు. ఇస్తే మాత్రం అద్దె తక్కువే అడుగుతారు. వాళ్ళకి కావలసింది ఇల్లు పాడవకుండా చూసుకునే మనిషి. పెద్దవాళ్ళని వెంటబెట్టుకెళ్ళి మాట్లాడితే పని అవుతుంది. ఓడలరేవు వైపు చమురు, గ్యాసు పనులు జోరుగా ఉన్నప్పుడు కాంట్రాక్టర్లు ఇళ్ళకి ఇళ్ళే లీజుకి తీసుకుంటారు, పని అయిపోగానే ఒకేసారి ఖాళీ చేస్తారు. కాకినాడలో వాకలపూడి, సర్పవరం వైపు కూడా ఈ ఆటుపోటు ఉంది. కంపెనీ లీజు పోయిన బిల్డింగ్‌లో రెండు మూడు నెలలు ఖాళీగా ఉన్న గదికి బేరం బాగా కుదురుతుంది.

రాజమండ్రికి పెద్ద లైను రైలు, హైవే, ఎదురుగా కొవ్వూరు ఉన్నాయి. అందువల్ల అద్దె ఒకేచోట పేరుకోదు. దానవాయిపేట, ప్రకాష్‌నగర్‌లో ఎక్కువ అడుగుతారు. హుకుంపేట, బొమ్మూరు, కాతేరు వైపు దిగితే తగ్గుతుంది. కొవ్వూరులో ఉండి రోజూ ఏరు దాటుతానంటే ఒక్క జాగ్రత్త చెప్పాలి. 1974 నాటి రోడ్డు కం రైలు వంతెనని మరమ్మతులకి మూసిన రోజుల్లో నాలుగో వంతెన మీదుగా చుట్టు తిరగాలి. నెలంతా అలా తిరిగితే మిగిలిన అద్దె పెట్రోలుకే పోతుంది. ఇంకొకటి, 2027లో గోదావరి పుష్కరాలు. రేవులకి దగ్గరి వీధుల్లో గదులున్నవాళ్ళు ఆ పన్నెండు రోజుల్లో రోజువారీ అద్దెకి ఇచ్చుకుంటే ఎంత వస్తుందో ముందే లెక్కలు వేసుకుంటారు. 2026లో ఒప్పందం రాసుకునేవాళ్ళు పుష్కరాలప్పుడు ఖాళీ చేయమని అడగకూడదని ఒక వాక్యం రాయించుకోండి.

తాడేపల్లిగూడెం, సూరంపాలెం, రాజానగరం డెల్టా అంచున ఉన్న మెట్ట ఊళ్ళు, కాలేజీ ఊళ్ళు. తాడేపల్లిగూడెంలో ఎన్ఐటీ 2015లో మొదలైంది. ఇలాంటి చోట మొదటి కొన్నేళ్ళు బయట గదులకి గిరాకీ ఉంటుంది, కాలేజీ సొంత హాస్టళ్ళు కట్టి అందరూ అందులోనే ఉండాలన్న రోజు నుంచి బయట అద్దె పెరగడం ఆగుతుంది. యానాం చుట్టూ మన జిల్లాలే ఉన్నా పుదుచ్చేరి పరిపాలన కాబట్టి కరెంటు రేట్లు, పన్నులు వేరు. అక్కడి గదిని ఇక్కడి లెక్కతో పోల్చకండి.

ఇప్పుడు నీళ్ళు. ఇది సరిగ్గా చూసుకోనివాళ్ళే మూడు నెలల్లో గది మారతారు. రాజమండ్రి ఏటి ఒడ్డునే ఉంది కాబట్టి కుళాయి నీళ్ళకి పెద్ద ఇబ్బంది లేదు. కాకినాడ సముద్రం పక్కన, భీమవరం రొయ్యల చెరువుల మధ్య. ఈ రెండు చోట్లా చాలా వీధుల్లో బోరు నీళ్ళు ఉప్పగా వస్తాయి. మునిసిపాలిటీ నీళ్ళే ఆధారం. పశ్చిమ డెల్టా ఊళ్ళకి ఆ నీళ్ళు కాలువ నుంచి పెద్ద మంచినీళ్ళ చెరువుల్లోకి నింపుకుని వస్తాయి. దాళ్వా (రెండో పంట) కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు, సార్వాకి (వానాకాలం పంటకి) జూన్‌లో మళ్ళీ వదిలేదాకా ఆ చెరువులో ఉన్నదే ఊరంతటికీ. ఏప్రిల్, మే నెలల్లో కుళాయి వచ్చే సమయం తగ్గడానికి కారణం ఇది. గది చూడ్డానికి అక్టోబరులో వెళ్ళి కుళాయి తిప్పితే బుడబుడమని వస్తుంది. మే నెల సంగతి పక్క పోర్షన్ వాళ్ళని అడగాలి, సొంతదారుని కాదు.

బోరు నీళ్ళు ఎలాంటివో తెలియాలంటే ల్యాబుకి పోనక్కర్లేదు. బాత్రూమ్‌లో స్టీలు కుళాయి మొదట్లో తెల్లగా పెచ్చు కట్టిందా చూడండి. బకెట్ లోపల నీటి మట్టం ఉండే చోట తెల్ల గీత ఉంటే లవణాలు ఎక్కువ. చేతికి సబ్బు రాసి నురగ వస్తుందా చూడండి. నీళ్ళలో కరిగిన లవణాలని కొలిచే, జేబులో పట్టే టీడీఎస్ మీటరు ఆన్‌లైన్‌లో కొన్ని వందలకే దొరుకుతుంది. తాగునీటికి భారతీయ ప్రమాణం లీటరుకి 500 మిల్లీగ్రాములు, వేరే నీళ్ళు దొరకని చోట 2000 వరకు ఒప్పుకుంటుంది. 2000 దాటితే తాగడం మాట అటుంచి స్నానానికి కూడా జుట్టు, చర్మం గోల పెడతాయి. గీజరు కాయిల్ త్వరగా పోతుంది, ఆ ఖర్చు ఎవరిదన్న గొడవ వస్తుంది. కుళాయి కనెక్షన్ ఇంటికి ఉంటే సరిపోదు, దాని నీళ్ళు మీ మేడ గదిదాకా వస్తాయా అన్నది అడగాలి. చాలా ఇళ్ళలో కుళాయి నీళ్ళు కింద సంపులో పడతాయి, పైన ట్యాంకులోకి బోరు నీళ్ళు ఎక్కిస్తారు. అప్పుడు కింద ఇంటివాళ్ళకి మంచినీళ్ళు, పై గది వాళ్ళకి ఇరవై లీటర్ల డబ్బాలు.

అంత కన్నా జేబుకి పెద్ద చిల్లు కరెంటు మీటరు. ఇది నెమ్మదిగా చదవండి, అద్దె మీద ఐదు వందలు బేరమాడడం కన్నా ఇందులో ఎక్కువ మిగులుతుంది. 2022 ఏప్రిల్‌లో వచ్చిన ఇళ్ళ రేట్లు ఇలా ఉన్నాయి: మొదటి 30 యూనిట్లకి 1.90, తర్వాత 75 వరకు 3.00, 125 వరకు 4.50, 225 వరకు 6.00, 400 వరకు 8.75, ఆపైన 9.75 రూపాయలు. ఇవి మెట్ల మాదిరి, ఏ మెట్టు యూనిట్లకి ఆ మెట్టు రేటే. మీ గదికి విడిగా మీటరు ఉండి నెలకి 75 యూనిట్లు కాలిందనుకోండి. 57, 135 కలిపి 192 రూపాయలు. అదే నాలుగు గదులు ఒకే మీటరు మీద ఉండి, ఒక్కో గది అదే 75 కాల్చితే మొత్తం 300 యూనిట్లు అవుతాయి, బిల్లు 1,673 దాకా వెళుతుంది. గదికి 418. మనిషి వాడింది అదే, ఫ్యానూ అదే, బల్బూ అదే, కట్టేది రెట్టింపు పైన. వీటి మీద స్థిర ఛార్జీ, ఇంధన సర్దుబాటు, సుంకం వేరే పడతాయి. రేట్లు మారుతుంటాయి కాబట్టి బిల్లు వెనక ఉన్న పట్టిక ఒకసారి సరిచూసుకోండి, మెట్ల పద్ధతి వల్ల వచ్చే తేడా మాత్రం ఎప్పుడూ ఇలాగే ఉంటుంది.

అందుకే మెయిన్ మీటరు కింద గదికో సబ్ మీటరు పెట్టిన సొంతదారు యూనిట్‌కి పది రూపాయలు అడిగితే అది అన్ని వేళలా దోపిడీ అనలేం. పై మెట్టులో పడ్డ బిల్లు అతనూ కట్టాలి కదా. కానీ పై లెక్కలో నాలుగు గదుల సగటు యూనిట్‌కి ఐదున్నర రూపాయలే తేలింది. బిల్లు చూపించి, మొత్తం యూనిట్లతో భాగించి, ఆ సగటు తీసుకుందామని అడగండి. మర్యాదగా అడిగితే చాలామంది ఒప్పుకుంటారు. కింద షాపు, పైన గదులు ఉన్న బిల్డింగ్ అయితే ఆ మీటరు వాణిజ్య కేటగిరీలో ఉందేమో చూడండి. ఆ రేటు ఇంటి రేటు కన్నా బాగా ఎక్కువ. సర్వీసు నంబరు అడిగి తీసుకుని మన కరెంటు సంస్థ ఈపీడీసీఎల్ వెబ్‌సైట్‌లో కొడితే పాత నెలల బిల్లులు కనపడతాయి, కేటగిరీ కూడా అందులోనే ఉంటుంది.

ఏసీ పెట్టుకుంటానంటే లెక్క మళ్ళీ మారుతుంది. ఒక టన్ను ఏసీ గంటకి ఒక యూనిట్ దరిదాపుల్లో లాగుతుంది. రాత్రి ఎనిమిది గంటల చొప్పున నెలకి 240. మామూలు వాడకం 60 కలిపితే 300 యూనిట్లు, అంటే మీటరు మీ ఒక్కరిదే అయినా నెలకి 1,673. సబ్ మీటరు మీద పది రూపాయల చొప్పున 3,000. మే నెలలో కరెంటుకే ఇంచుమించు గది అద్దె అంత అవుతుంది. పైగా పాత గదుల్లో లైట్లకి వేసిన సన్న తీగ మీదే ఏసీ పెడతారు. ఏసీ పాయింటుకి కనీసం 2.5, వీలైతే 4 చదరపు మిల్లీమీటర్ల తీగ, 16 ఆంపియర్ల సాకెట్టు, విడిగా ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపే స్విచ్), పనిచేసే ఎర్తింగ్ ఉండాలి. సాకెట్టు అంచు గోధుమ రంగుకి తిరిగి ఉంటే అక్కడ అప్పటికే వేడెక్కుతోందని అర్థం.

ఇప్పుడు రెండు గదులు పక్కపక్కన పెట్టి చూద్దాం. లెక్క కోసం వేసుకున్న అంకెలు ఇవి. మొదటిది ఆఫీసుకి నడిచి వెళ్ళేంత దగ్గర, అద్దె 4,500, సొంత మీటరు, కుళాయి నీళ్ళు. కరెంటు అన్నీ కలిపి 200 వేసుకుంటే 4,700. రెండోది నాలుగు కిలోమీటర్ల అవతల, అద్దె 3,500, ఉప్పు బోరు, సబ్ మీటరు. అరవై యూనిట్లకి 600. రెండు రోజులకో నీళ్ళ డబ్బా, ఇరవై రూపాయల చొప్పున 300. మోటారు ఖర్చని 200. అప్పటికి 4,600 అయ్యింది. రోజుకి ఎనిమిది కిలోమీటర్లు, నెలకి 26 రోజులు, అంటే 208 కిలోమీటర్లు. బండి లీటరుకి 45 ఇచ్చి పెట్రోలు 110 ఉంటే ఇంకో 508. మొత్తం 5,108. వెయ్యి రూపాయలు చవకని తీసుకున్న గది నెలకి నాలుగొందలు ఎక్కువ తింటోంది. ఊళ్ళోవాళ్ళు ఫలానా చోట చవక అన్నప్పుడు వాళ్ళు చెప్పేది బోర్డు మీద అద్దె ఒక్కటే. మీరు పోల్చవలసింది కింద వరస అంకెని.

నేల ఎత్తు సంగతి. డెల్టా ఊరు కాబట్టి వరద అనగానే గోదావరే గుర్తొస్తుంది. ధవళేశ్వరం దగ్గర మట్టం 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 2022 జూలైలో లాగా మూడో హెచ్చరిక దాటినప్పుడు లంకల్లో ఉన్నవాళ్ళు గట్ల మీదికి చేరతారు. ఏటిగట్టు లోపల లంకలో గది తీసుకుంటే తప్ప ఈ భయం ఉద్యోగస్తులకి పెద్దగా తగలదు. పట్టణాల్లో గదుల్లోకి వచ్చే నీళ్ళు వానవి, డ్రెయిన్లవి. భీమవరంలో యనమదుర్రు డ్రెయిన్ నిండితే, కాకినాడలో వానా పోటూ ఒకేసారి వస్తే పల్లపు వీధుల్లో నీళ్ళు ఎటూ పోవు. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం పట్టిన మూడు రోజులు చాలు. దీనికి ఒక పరీక్ష ఉంది, ఎండాకాలంలో కూడా పనిచేస్తుంది. రోడ్డు మీద నుంచి గేటులోకి అడుగు పెట్టేటప్పుడు పైకి ఎక్కుతున్నారా, కిందికి దిగుతున్నారా చూడండి. సిమెంటు రోడ్డు మీద సిమెంటు రోడ్డు వేసుకుంటూ పోయి చాలా వీధుల్లో పాత డాబాలు రోడ్డు కన్నా అడుగు కిందికి పోయాయి. దిగే ఇల్లు అయితే కింది గది వద్దు.

గోడలు కూడా చెబుతాయి. నేల నుంచి రెండు మూడు అడుగుల ఎత్తు వరకు మాత్రమే కొత్త రంగు కొట్టి ఉంటే అనుమానించండి. ఆ ఎత్తుదాకా చెమ్మ ఎక్కి, ఉప్పు పొంగి, సున్నం పొడిలా రాలుతుంటే కప్పిపుచ్చడానికి వేసిన రంగు అది. అరచేత్తో అద్దండి, చల్లగా జిగటగా తగిలితే చెమ్మ ఉన్నట్టే. మంచం గోడకి ఆనించే చోట, బీరువా వెనక, బాత్రూమ్ గోడకి అవతలి వైపు ఈ మూడు చోట్లా చూడండి. ఉప్పు నీళ్ళతో కట్టిన గోడకీ, పునాదిలో తడి ఆపే పొర వేయని గోడకీ ఈ జబ్బు పైపూతతో పోదు, ఏటా వానాకాలంలో మళ్ళీ వస్తుంది. బట్టలకి బూజు, పుస్తకాలకి చెద. పై గదికి చెమ్మ ఉండదు కానీ శ్లాబు కాగుతుంది. మధ్యాహ్నం మూడింటికి వెళ్ళి చూడండి, పొద్దున్న చూస్తే ఏమీ తెలియదు.

సెప్టిక్ ట్యాంకు గురించి అడగడానికి అందరూ మొహమాటపడతారు, పడకండి. వానాకాలంలో మన నేలలో నీళ్ళు కొన్ని అడుగుల లోతులోనే ఉంటాయి. ట్యాంకు నీళ్ళు భూమిలోకి ఇంకవు, కింది గది టాయిలెట్‌లోంచి వెనక్కి తంతాయి. ఒక ట్యాంకు మీద ఎన్ని గదులున్నాయి, కిందటిసారి ఎప్పుడు తోడించారు అన్నవి రెండే ప్రశ్నలు. గదికి ముగ్గురు నలుగురు పిల్లల్ని పెట్టి తలకి ఇంతని తీసుకునే బిల్డింగుల్లో ఇది తప్పక వచ్చే ఇబ్బంది. ఇద్దరి కోసం కట్టిన ట్యాంకు ఎనిమిది మందిని మోయదు.

ఎప్పుడు వెతకాలన్నది మన క్యాలెండర్ రెండు రకాలుగా చెబుతుంది. కాలేజీ వీధుల్లో పరీక్షలయ్యాక ఏప్రిల్ చివర, మే నెలల్లో గదులు ఖాళీ అవుతాయి. జూన్‌లో ఇంటర్, ఆ తర్వాత ఇంజనీరింగ్ కౌన్సెలింగ్ మొదలైతే బోర్డులు మాయమవుతాయి. అందుకే మే నెలలో మాట్లాడుకుని చిన్న మొత్తం ఇచ్చి పెట్టుకున్నవాళ్ళకి బేరం ఉంటుంది, ఆగస్టులో వచ్చినవాళ్ళకి ఉండదు. కుటుంబాలు ఉండే వీధుల్లో దీనికి తలకిందులు. ఆషాఢంలో, మూఢంలో ఇల్లు మారరు. ఆషాఢమాసంలో టులెట్ బోర్డు కట్టిన ఇంటికి శ్రావణం దాకా మనిషి రాడు. సొంతదారుకి ఆ నెల అద్దె పోయినట్టే. ముహూర్తాల పట్టింపు లేని వాళ్ళకి సగం నెల అద్దె మినహాయింపో, అడ్వాన్స్‌లో తగ్గింపో దొరికేది అప్పుడే. సంక్రాంతి వారంలో భీమవరం చుట్టుపక్కలకి గది కోసం వెళ్ళకండి. లాడ్జీలు ఎప్పుడో నిండిపోతాయి, సొంతదారుల ఇంటి నిండా చుట్టాలుంటారు, ఎవరూ కూర్చుని మాట్లాడరు. జనవరి చివరికి వెళ్ళండి.

ఆక్వా బెల్టులో అద్దెలు రొయ్య ధరతో పాటు ఊగుతాయని అంటారు, అది సగమే నిజం. 2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు రైతులు దిగాలు పడ్డారు. కానీ ధర పడ్డప్పుడు ఉన్న అద్దె తగ్గించే సొంతదారు అరుదు. కొత్తగా వచ్చేవాళ్ళ దగ్గర పెంచడం మానుకుంటాడు, అంతే. కాబట్టి ధర పడిన ఏడాదిలో చేరి, పెంపు శాతాన్ని కాగితం మీద పెట్టించుకోవడం లాభం.

కాగితం గురించి నాలుగు మాటలు చాలు. పదకొండు నెలల ఒప్పందం అలవాటు ఎందుకంటే, 1908 నాటి కేంద్ర రిజిస్ట్రేషన్ చట్టం ఏడాది దాటిన లీజునే రిజిస్టర్ చేయించమంటుంది, కానీ ఆంధ్రప్రదేశ్ చేసుకున్న సవరణ ప్రకారం ఇక్కడ గడువుతో పని లేకుండా లీజులన్నీ రిజిస్టర్ చేయించాల్సినవే. కాగితం లేకపోయినా మీరు అద్దెదారే. వేరే ఒప్పందం లేని నెలవారీ అద్దెకి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షను ఇరువైపులా 15 రోజుల నోటీసు అంటుంది. నోటీసు గడువు ఒప్పందంలో నెల అని రాస్తే నెలే. అడ్వాన్స్ విషయంలో 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఇళ్ళకి రెండు నెలలు మించవద్దంటుంది. రాష్ట్రాలు స్వీకరించడానికి ఇచ్చిన నమూనా అది, బేరంలో చెప్పుకోవడానికి మంచి ఆధారం. ఖాళీ చేసేటప్పుడు రంగులకని ఎంత పట్టుకుంటారో అంకెతో రాయించండి. మామూలు అరుగుదల అన్న మాట ఉంటే ఇంకా మంచిది. ఉద్యోగి హెచ్ఆర్ఏ (జీతంలో ఇచ్చే ఇంటి అద్దె భత్యం) మీద పన్ను మినహాయింపు కోరుతూ ఏడాదికి లక్ష పైన అద్దె చూపిస్తే సొంతదారు పాన్ కావాలి. ఐదు వేల గదికి ఆ అవసరం రాదు, రశీదులు చాలు.

మీ ఇద్దరి విషయానికి వస్తే, ముందు తమ్ముడి కంపెనీ గేటు ఎక్కడుందో కనుక్కోండి. ఆఫర్ లెటర్‌లో భీమవరం అని ఉంటుంది, ఫ్యాక్టరీ ఉండి వైపో ఆకివీడు వైపో ఉండొచ్చు. అలాగైతే పాలకొల్లు సరిగ్గా ఎదురు దిక్కు, వద్దే వద్దు. వీరవాసరం వైపు అయితే పాలకొల్లు పనికొస్తుంది. రైలు ఉంది, సీజన్ టికెట్ పెట్రోలు కన్నా చాలా చవక. కానీ షిఫ్టు డ్యూటీ అయితే రాత్రి దిగేసరికి రైలు ఉంటుందో లేదో చూసుకోవాలి. కంపెనీ బస్సు ఏ సెంటర్‌లో ఆగుతుందో తెలుసుకుని, ఆ సెంటర్‌కి నడక దూరంలో మేడ గది వెతకడం అన్నిటికన్నా మేలు. మొదటి నెల తోటి ఉద్యోగుల గదిలో తలకి ఇంతని ఇచ్చి ఉండనివ్వండి. వీధులు తెలిశాక తీసుకున్న గది నిలుస్తుంది.

చెల్లెలికి ఇంద్రపాలెం వద్దండి. జేఎన్‌టీయూ నాగమల్లితోట దగ్గర, పిఠాపురం రోడ్డులో ఉంది. ఇంద్రపాలెం ఊరికి అటు పక్క. రోజూ ఊరంతా దాటాలి, ల్యాబులో ఆలస్యమైతే ఆడపిల్ల రాత్రి ఆటో కోసం నిలబడాలి. ముందు యూనివర్సిటీ హాస్టల్‌కి దరఖాస్తు పెట్టించండి. రాకపోతే రమణయ్యపేట చుట్టుపక్కల, సొంతదారులు కింద ఉండే ఇంట్లో పై గది, ఇంకో అమ్మాయితో కలిసి చూడండి. ఇద్దరు పంచుకుంటే మంచి వీధిలో కూడా తలకి ఐదు వేలలోపు తేలడానికి అవకాశం ఎక్కువ. సందు మొదట్లో వీధి దీపం వెలుగుతోందా, మెట్లు సొంతదారు ఇంటి లోపల నుంచా బయట నుంచా అన్నది రాత్రి ఎనిమిదింటికి ఒకసారి వెళ్ళి చూసి రండి.

తాళం చేతికిచ్చే రోజున అక్కడే నిలబడి మీటరు అంకె కనపడేలా ఫోటో తీయండి. నాలుగు గోడల కింది భాగం, బాత్రూమ్ నేల, సింకు కింద గొట్టం, కిటికీ గొళ్ళాలు వీడియో తీసి అదే రోజు సొంతదారుకి వాట్సాప్‌లో పంపండి. అడ్వాన్స్ యూపీఐలో వేసి, వివరం గడిలో "అడ్వాన్స్, ఫలానా గది" అని రాయండి. నగదు ఇస్తే మాత్రం సంతకంతో చిన్న చీటీ అయినా తీసుకోండి.